సీడీలో పట్టని ఇరవై నాలుగు నిమిషాలు

సీడీలు వచ్చిన కొత్తల్లో ఒక డిస్కులో 74 నిమిషాల సంగీతం పట్టేది. నార్వే గిటారిస్టు టెర్యె రిప్‌డాల్ 1975లో రికార్డు చేసిన ‘ఒడిస్సీ’ రెండు ఎల్పీల ఆల్బం, నిడివి దాదాపు 87 నిమిషాలు. దాన్ని సీడీగా తెచ్చినప్పుడు ఈసీఎం కంపెనీ చివరి ట్రాకు ‘రోలింగ్ స్టోన్’ని తీసేసింది. నాలుగో వైపు మొత్తాన్నీ ఆక్రమించిన ట్రాకు అది, సుమారు 24 నిమిషాలు. మిగతాదంతా ఒకే డిస్కులో హాయిగా సర్దుకుంది. 2012లో మూడు సీడీల సెట్టు వచ్చేదాకా, పాత ఎల్పీ సంపాదించుకోలేని వాళ్ళకి ఆ ట్రాకు లేనట్టే లెక్క.

స్టోరేజీ చాలకపోతే ఏదో ఒకటి డిలీట్ చెయ్యాలి. అదేమంత నేరం కాదు, మా ఉద్యోగాల్లో రోజూ చేసే పనే. కానీ నిమిషాల లెక్కే అయితే 17 నిమిషాల ‘మిడ్‌నైట్’ని తీసినా సరిపోయేది. పోయింది మాత్రం ఒక బేస్ రిఫ్‌ని పట్టుకుని, తొందరేం లేకుండా, రాక్ బ్యాండులా కదిలే ట్రాకు. చివర్లో ఉంది కాబట్టి కోయడం తేలికని తీశారేమో, అంతకు మించి కుట్రేమీ ఉండక్కర్లేదు. ఫలితం మాత్రం చిత్రంగా తేలింది. రిప్‌డాల్ అనగానే మంచు, ఫ్యోర్డ్‌లు, నిశ్శబ్దం అంటూ మొదలుపెట్టేవాళ్ళకి ఆ సీడీ ఇంకాస్త వీలిచ్చింది.

అసలు మనిషి ఎక్కణ్ణుంచి వచ్చాడో చూస్తే ఈ మంచు కథ నిలబడదు. 1947లో ఓస్లోలో పుట్టాడు. తండ్రి స్వరకర్త, వాద్యబృందం నడిపినవాడు. చిన్నప్పుడు పియానో, ట్రంపెట్ నేర్పించారు. గిటార్ మాత్రం తనంతట తనే నేర్చుకున్నాడు. టీనేజీలోనే ‘వాన్‌గార్డ్స్’ అనే బ్యాండులో చేరాడు. ఇంగ్లండులో షాడోస్ ఎలాగో నార్వేలో వీళ్ళు అలాగ. హ్యాంక్ మార్విన్ గిటార్ మోగించినట్టు మోగించాలన్నదే అప్పటి కుర్రాళ్ళ కోరిక. ఆ తర్వాత ‘డ్రీమ్’ అనే సైకడెలిక్ బ్యాండు. 1967లో వాళ్ళు తెచ్చిన ‘గెట్ డ్రీమీ’లో ‘హే జిమీ’ అనే పాట ఉంది. ఏ జిమీయో చెప్పక్కర్లేదనుకుంటా.

అప్పుడే రెండు తలుపులు దాదాపు ఒకేసారి తెరుచుకున్నాయి. ఒకటి జార్జ్ రసెల్. లిడియన్ స్కేలు చుట్టూ జాజ్‌కి ఒక సిద్ధాంతమే కట్టిన ఈ అమెరికన్ అప్పుడు స్కాండినేవియాలో ఉండేవాడు. యాన్ గార్బరెక్, రిప్‌డాల్, డ్రమ్మర్ యోన్ క్రిస్టెన్‌సెన్ అందరూ ఆయన దగ్గర పనిచేసినవాళ్ళే. రెండోది ఆధునిక పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం. ఓస్లోలో ఫిన్ మోర్టెన్‌సెన్ దగ్గర కంపొజిషన్ చదువుకున్నాడు. లిగెటి సంగీతం మీద మోజు పడ్డాడు. హెండ్రిక్స్‌నీ లిగెటినీ ఒకే నోటితో తన గురువులని చెప్పుకోగల గిటారిస్టులు ఆ రోజుల్లో ఎంతమంది ఉండుంటారు?

1970లో గార్బరెక్ ‘ఆఫ్రిక్ పెపర్‌బర్డ్’తో మాన్‌ఫ్రెడ్ ఐకర్ అప్పుడే మ్యూనిక్‌లో మొదలుపెట్టిన ఈసీఎం‌లోకి వీళ్ళంతా అడుగుపెట్టారు. మరుసటేడు రిప్‌డాల్ సొంత పేరుతో ఆల్బం వచ్చింది. ఓస్లో స్టూడియోల్లో ఇంజనీర్ యాన్ ఎరిక్ కాంగ్స్‌హౌగ్ చేసిన రికార్డింగుల్లో ప్రతి వాయిద్యం చుట్టూ బోలెడు గాలి ఆడుతున్నట్టు ఉంటుంది. అదే ‘ఈసీఎం సౌండ్’గా పేరుపడింది. రిప్‌డాల్ స్ట్రాటోకాస్టర్ అందులో ఇట్టే ఇమిడిపోయింది. కారణం ఆయన కాలు. తీగ మీటినప్పుడు పుట్టే తొలి దెబ్బని వాల్యూమ్ పెడల్‌తో దాచేసి, ఆ తర్వాత మోతని నెమ్మదిగా పైకి లేపుతాడు. మన కచేరీల్లో వీణ పలికే తీరుకీ వయొలిన్ పలికే తీరుకీ ఉన్న తేడా తలుచుకోండి: ఒకదాంట్లో స్వరం పుట్టగానే తగ్గడం మొదలవుతుంది, రెండోదాంట్లో పుట్టాక కూడా పెరగగలదు. రిప్‌డాల్ గిటార్‌ని మొదటి జాతిలోంచి తీసి రెండో జాతిలో కలిపాడు. దానికి తోడు డిస్టార్షన్. అందుకే నెమ్మదిగా ఒకే స్వరం వాయిస్తున్నా అందులో ఏదో కాలుతున్న వాసన ఉంటుంది. దీన్ని నిశ్శబ్దం అనడం నాకెప్పుడూ మింగుడుపడలేదు.

1974లో వచ్చిన ‘వెనెవర్ ఐ సీమ్ టు బి ఫార్ అవే’ వినండి. మొదటి వైపు మెలోట్రాన్‌తో సాగే రాక్. ఎల్పీ తిప్పితే రెండో వైపంతా ఎలక్ట్రిక్ గిటార్, తంత్రీవాద్యాలు, ఓబో, క్లారినెట్ కోసం రాసిన ఒకే ఒక్క రచన. అందులో ఆయన ముందుకొచ్చి ఆర్కెస్ట్రా మీద సవారీ చెయ్యడు. వయొలిన్ల మధ్య కూర్చుని వాటితో పాటే ఊపిరి తీస్తాడు. ఇది ఏదో ఒక్కసారి చేసిన సరదా ప్రయోగం కూడా కాదు. ఆ తర్వాత సింఫనీలు రాశాడు, కన్సర్టోలు రాశాడు. 1990లో వచ్చిన ‘అండిసోనస్’లో అయితే ఆయన గిటారే లేదు, వయొలిన్, ఆర్కెస్ట్రా, గాయక బృందం తప్ప.

ఈ ఆర్కెస్ట్రా మనిషే 1980ల్లో ‘చేజర్స్’ అని ముగ్గురితో బ్యాండు కట్టి గోల చేశాడు. బేస్ మీద బ్యోర్న్ చెల్లెమీర్, డ్రమ్స్ మీద అవ్‌దున్ క్లైవె. ఆ ఆల్బంల డ్రమ్స్‌లో ఆ దశాబ్దం మరీ ఎక్కువగా వినిపిస్తుంది, వాటిని పూర్తిగా వెనకేసుకురాను. కానీ ఈసీఎం పేరు కూడా వినని కోట్లాదిమంది రిప్‌డాల్‌ని విన్నది వాటి పుణ్యమానే. మైకేల్ మాన్ తన ‘హీట్’ సినిమాలో (1995) చేజర్స్ ‘బ్లూ’ ఆల్బం నుంచి ‘మిస్టరీ మ్యాన్’, ‘లాస్ట్ నైట్’ వాడుకున్నాడు. లాస్ ఏంజెలిస్ రాత్రి దీపాలకి ఈ గిటార్ చక్కగా అతికింది. ఫ్యోర్డ్‌ల సిద్ధాంతం చెప్పేవాళ్ళు దీనికేమంటారో మరి.

2003లో వోస్ జాజ్ ఫెస్టివల్‌లో వాయించిన ‘వోస్సాబ్రిగ్’ మైల్స్ డేవిస్ ‘బిచెస్ బ్రూ’కి నివాళి, పేరులోనే ఆ ‘బ్రూ’ ఉంది. పాల్లె మికెల్‌బోర్గ్ ట్రంపెట్‌తో పాటు కొడుకు మారియుస్ ఎలక్ట్రానిక్స్ కూడా వినిపిస్తుంది. 2020లో ‘కాన్‌స్పిరసీ’ వచ్చేనాటికి ఆయనకి డెబ్భై దాటింది. అదే పెడల్, అదే సెగ.

2012 సెట్టులో ఇంకో డిస్కు కూడా ఉంది. 1976లో స్వీడిష్ రేడియో కోసం రాసి, వాళ్ళ జాజ్ బృందంతో తన బ్యాండుని కలిపి వాయించిన ‘అన్‌ఫినిష్డ్ హైబాల్స్’. ముప్పై ఆరేళ్ళపాటు ఆల్బంగా రానేలేదు. ‘రోలింగ్ స్టోన్’నీ దీన్నీ ఒకదాని తర్వాత ఒకటి వింటే, రాక్ బ్యాండులో ఆర్కెస్ట్రా, ఆర్కెస్ట్రాలో రాక్ బ్యాండు వినిపిస్తాయి. రెండూ ఏడాది లోపు తేడాతో, ఒకే మనిషి చేసినవి. ఈసీఎం తన కేటలాగుని 2017లో స్ట్రీమింగ్‌లో పెట్టింది. అక్కడ 74 నిమిషాల గొడవ లేదు. హెడ్‌ఫోన్స్‌లో వినేట్టయితే ‘రోలింగ్ స్టోన్’ మొదట్లో వాల్యూమ్ మరీ పెంచకండి, అది నెమ్మదిగా లేస్తుంది.