944 నుంచి 21 దాకా

రంజీ ట్రోఫీ అత్యధిక స్కోర్ల పట్టికలో మొదటి పేరు హైదరాబాద్‌ది. అత్యల్ప స్కోర్ల పట్టికలోనూ మొదటి పేరు హైదరాబాద్‌దే. 6 వికెట్లకు 944 డిక్లేర్డ్ ఒకటి, 21 ఆలౌట్ మరొకటి. మొదటిది సికింద్రాబాద్ జింఖానాలో, రెండోది జైపూర్‌లో. ఒకటి సొంతగడ్డ మీద, మరొకటి పరాయిగడ్డ మీద.

ఈ జట్టు వేళ్లు నవాబుల కాలంలో ఉన్నాయి. 1930-31లో మొదలైన మొయినుద్దౌలా గోల్డ్ కప్ కోసం దేశంలోని మేటి ఆటగాళ్లు సికింద్రాబాద్ వచ్చేవారు. వాళ్లను చూసి, వాళ్లతో తలపడి ఇక్కడి కుర్రాళ్లు రాటుదేలారు. రంజీ ట్రోఫీ 1934-35లో మొదలైతే, 1937-38లోనే కప్పు హైదరాబాద్‌కు వచ్చింది. ఫైనల్‌లో ప్రత్యర్థి అంతకుముందు ఏడాది విజేత నవానగర్. గెలవాలంటే 310 పరుగులు కావాలి. ఎడుల్జీ ఐబరా ఒక కొస పట్టుకుని 137తో అజేయంగా నిలిచారు, ఒక్క వికెట్ తేడాతో జట్టు గెలిచింది. రికార్డుల పట్టికల్లో ఈ 137 కనిపించదు. నా దృష్టిలో మాత్రం ఈ జట్టు చరిత్రలో అంతకంటే విలువైన ఇన్నింగ్స్ లేదు.

ఇక 944. అంతకుముందు రంజీ రికార్డు 912. ఆ అంకెను 1945-46లో హోల్కర్, 1988-89లో తమిళనాడు అందుకున్నాయి. 1994 జనవరిలో ఆంధ్ర జట్టు మీద హైదరాబాద్ దాన్ని దాటింది. రెండు తెలుగు జట్ల పోరులో ఒకరికి పండగ, మరొకరికి నరకం. స్కోరు 30 దగ్గర క్రీజులోకి వచ్చిన ఎం.వి. శ్రీధర్ 880 దగ్గర అవుటయ్యారు. ఆయన నిలబడి ఉండగా జట్టు ఖాతాలో 850 పరుగులు చేరాయి! అందులో ఆయనవి 366. వివేక్ జైసింహ 211, నోయెల్ డేవిడ్ అజేయంగా 207. ఆంధ్ర బౌలర్ల ఓపికకు కూడా ఒక రికార్డు రాయాల్సింది.

2010 నవంబరులో జైపూర్‌లో తొలి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్ ఆడుతున్న 18 ఏళ్ల రాజస్థాన్ పేసర్ దీపక్ చాహర్ 10 పరుగులకే 8 వికెట్లు తీశాడు. హైదరాబాద్ 21కి కుప్పకూలింది. 1934-35 నాటి సదరన్ పంజాబ్ 22 ఆ రోజుతో రెండో స్థానానికి జరిగింది. జట్టు అప్పటికే రంజీలో దిగువ శ్రేణి అయిన ప్లేట్ గ్రూపులో ఉంది. అక్కడే అలా ఓడటం అభిమానులకు ఇంకా మానని గాయం.

శ్రీధర్ 366కు జంట 2024 జనవరిలో దొరికింది. అరుణాచల్ ప్రదేశ్ మీద తన్మయ్ అగర్వాల్ 147 బంతుల్లో ట్రిపుల్ సెంచరీ కొట్టి, 26 సిక్సర్లతో సరిగ్గా 366 దగ్గర ఆగాడు. వేగంలోనూ సిక్సర్లలోనూ ఫస్ట్‌క్లాస్ ప్రపంచ రికార్డులవి. అదీ ప్లేట్ మ్యాచే, ఎదుటి జట్టు రంజీకి కొత్త. అయినా ఒక్కరోజులో 323 కొట్టడం ఏ బౌలింగ్ మీదైనా తేలిక కాదు. 2017లో 51 ఏళ్లకే గుండెపోటుతో పోయిన శ్రీధర్ దీన్ని చూడలేకపోయారు.

బలమైన జట్ల మీద సాధించిన రికార్డు కావాలంటే 1999-2000 సీజన్ చూడాలి. వి.వి.ఎస్. లక్ష్మణ్ 9 మ్యాచ్‌ల్లో 8 సెంచరీలతో 1,415 పరుగులు చేశారు. సెమీఫైనల్‌లో బెంగళూరులోనే కర్ణాటక మీద 353. ఒక రంజీ సీజన్‌లో అన్ని పరుగులు అంతకుముందు ఎవరూ చేయలేదు. ఫైనల్‌లో మాత్రం ముంబై గెలిచింది. ఇన్ని రికార్డులున్న జట్టు రంజీ కప్పు ఎత్తింది రెండే సార్లు: ఐబరా నిలబెట్టిన 1937-38లో, ఎం.వి. నరసింహారావు సారథ్యంలో ఢిల్లీని ఢిల్లీలోనే వెనక్కి నెట్టిన 1986-87లో.