వైజాగ్‌కి వచ్చిన మూడో సోవియట్ వస్తువు

సోవియట్ యూనియన్ నుంచి మన వైజాగ్‌కి ఏం వచ్చాయని అడిగితే ఎవరైనా రెండు చెప్తారు. ఒకటి ఆర్కే బీచ్‌లో ఉన్న కురుసుర సబ్‌మెరైన్. 1969లో నేవీలో చేరింది, 2001లో రిటైరైంది, 2002 నుంచి మ్యూజియం. రెండోది స్టీల్ ప్లాంట్. 1979లో సోవియట్‌తో ఒప్పందం, 1992లో జాతికి అంకితం. మూడోదానికి శిలాఫలకం లేదు. అదే మనం చిన్నప్పుడు ఆడిన బ్రిక్ గేమ్.

దాని అసలు పేరు టెట్రిస్. 1984లో మాస్కోలో, సైన్సెస్ అకాడమీ కంప్యూటర్ సెంటర్‌లో పనిచేసే అలెక్సీ పజిత్నోవ్ రాశాడు. ఆయన వాడిన ఎలక్ట్రానికా 60 మెషీన్‌కి గ్రాఫిక్సే లేవు. అందుకే బ్రాకెట్ గుర్తులతోనే గళ్లు పేర్చాడు. నాలుగేసి గళ్లతో ఏడు ఆకారాలు, అంతే. దాన్ని ఐబీఎం పీసీకి మార్చింది వదీమ్ గెరాసిమోవ్ అనే 16 ఏళ్ల కుర్రాడు. 1989లో గేమ్ బాయ్‌తో ప్రపంచమంతా పాకింది. హక్కులు ప్రభుత్వం చేతిలో ఉండటంతో పజిత్నోవ్‌కి రాయల్టీ రావడం 1996లో గానీ మొదలవలేదు. ఈలోపు చవక నకళ్లు వచ్చేశాయి. "9999 ఇన్ 1" అని రాసి ఉండేది, పెన్సిల్ సెల్స్ వేస్తే చాలు. అలా ఎగ్జిబిషన్ స్టాళ్ల మీదుగా మన ఇళ్లలోకి వచ్చింది.

సరే, ఇప్పుడు అసలు పాయింట్. రాత్రి పడుకున్నాక బుర్ర ఆగదు కదా? ఆ ఆలోచనల్లో చాలావరకు బొమ్మల్లా కదుల్తాయి. టెట్రిస్‌లో ముక్కని మనసులో తిప్పి చూడాలంటే కావాల్సిందీ ఆ చోటే. రెండూ ఒకేసారి పట్టవు. 2009లో ఎమిలీ హోమ్స్ బృందం ఆక్స్‌ఫర్డ్‌లో కొందరికి కలవరపెట్టే వీడియో చూపించి, అరగంటయ్యాక కొందరితో పది నిమిషాలు టెట్రిస్ ఆడించింది. ఆడినవాళ్లకి ఆ వారంలో ఆ దృశ్యాలు తక్కువసార్లు గుర్తొచ్చాయి. 2010లో క్విజ్ గేమ్‌తో చూస్తే ఆ ఫలితం రాలేదు. అంటే ఏ గేమైనా సరిపోదన్నమాట.

అలాగని గంటలు గంటలు ఆడకండి. కళ్లు మూసుకున్నా ముక్కలు పడుతూనే ఉంటాయని 2000లో స్టిక్‌గోల్డ్ పరిశోధన చూపించింది.

ఇదెందుకు చెప్తున్నానంటే, 2021 జనవరిలో స్టీల్ ప్లాంట్‌లో వంద శాతం వాటా అమ్మకానికి కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పటి నుంచి సి షిఫ్ట్ దిగి ఇంటికొచ్చినా నిద్రపట్టని ఇళ్లు మన ఊళ్లో చాలా ఉన్నాయి. ఆ బెంగకి గేమ్ జవాబు కాదు. దానికి కూర్మన్నపాలెం జంక్షన్‌లో శిబిరం వేసుకుని కూర్చున్నారు, అది వేరే పోరాటం. నిద్ర రోజుల తరబడి పోతే డాక్టర్ దగ్గరికే వెళ్లాలి. కానీ రేపటి పోరాటానికి లేవాలంటే ఈ రాత్రి కాసేపు బుర్ర ఆగాలి కదా. రీల్స్‌కి అంతు లేదు. ఈ ఆటలో మాత్రం గళ్లు పైదాకా నిండితే గేమ్ ఓవర్. అక్కడ ఫోన్ పక్కన పెట్టేసి పడుకోండి.