ఛాయాచిత్రములు – వేషసౌందర్య చరిత్ర

వస్త్రాలంకరణ చరిత్రను వ్రాయువారికి పాత పత్రికలలోని ఛాయాచిత్రములు ముఖ్యాధారములు. కుంచె కల్పించునుగాని కెమేరా కల్పింపదను నమ్మకముచేత పలువురు వానిని ప్రత్యక్షప్రమాణములుగా స్వీకరింతురు. ఈ నమ్మకము ఎంతవరకు చెల్లునో 1911 మొదలు 1941 వరకు గల ప్రసిద్ధచిత్రములు కొన్నింటిని గైకొని పరిశీలింపదలచితిమి.

19వ శతాబ్ది చివర హాఫ్‌టోన్ ముద్రణము వ్యాప్తిలోనికి వచ్చుటతో ఛాయాచిత్రమును అక్షరములతోపాటు ఒకే పుటలో అచ్చువేయుట సాధ్యమైనది. అంతకుముందు పత్రికలలో కొత్త వేషములను చూపినవి చేతితో గీసిన బొమ్మలే. 1911 ఏప్రిల్‌లో ఎడ్వర్డ్ స్టైకెన్, పారిస్‌లోని ‘ఆర్ ఎ దెకొరాసియోఁ’ పత్రిక కొఱకు పోల్ ప్వారే రూపొందించిన గౌనులను చిత్రించెను. వీనినే తొలి ఫ్యాషన్ ఛాయాచిత్రములని ఆయన తరువాత చెప్పుకొనెను. కాని పారిస్ పత్రికలలో అట్టివి అంతకుముందే కలవు. స్టైకెన్ తెచ్చిన కొత్తదనము వేఱు. ప్వారే నడుమును బిగించు కోర్సెట్‌ను విడిచి, భుజములనుండి జాఱు ఉడుపులను ప్రచారము చేసినవాడు. స్టైకెన్ ఆ జాఱుదనమును మసకవెలుగులో చూపెను. అందు కుట్టుపని వివరము తక్కువ. వేషము కలిగించు భావము ఎక్కువ.

1930లో జార్జ్ హొయ్‌నింగెన్-హ్యూనె ‘వోగ్’ పత్రిక కొఱకు తీసిన చిత్రమున స్త్రీపురుషు లిరువురు ఈతదుస్తులతో మనకు వీపు చూపి కూర్చుండి దూరమునకు చూచుచుందురు. చూచువారికి అది సముద్రతీరమే. నిజమునకు అది పారిస్‌లో షాంజెలిజే వీధినున్న స్టూడియో మేడకప్పు. దిగంతమని తోచునది పిట్టగోడ. ఆనాటి ఈతదుస్తుల తీరునకు ఈ చిత్రము సాక్ష్యమగును, సముద్రస్నానమునకు కాదు.

1933లో మార్టిన్ మున్‌కాచి ఈ కళను నిజముగనే తీరమునకు గొనిపోయెను. హంగేరీ దేశీయుడగు ఈయన క్రీడాచిత్రములలో ఆరితేరినవాడు. ‘హార్పర్స్ బజార్’ కొఱకు లాంగ్ ఐలండ్ తీరమున, ఈతదుస్తులపై కేప్ ధరించి పరుగెత్తుచున్న యువతిని చిత్రించెను. అంతవఱకు నిశ్చలభంగిమయం దున్న సొగసు ఇచట చలనమున వెలసినది. అయినను ఆమెను పరుగెత్తుమన్నది ఛాయాచిత్రకారుడే.

ఈ మార్పు ఒకే దిశలో సాగినదని తలంచుట పొరపాటు. 1939 ఆగస్టులో, యుద్ధారంభమునకు కొలదికాలము ముందు, హోర్స్ట్ పారిస్‌లో తీసిన చిత్రమున ప్వారే విడిచిన కోర్సెట్ మరల ప్రత్యక్షమైనది. మూలచిత్రమున అది ఒకప్రక్క శరీరమునకు అంటక వదులుగా నుండెను. పత్రికలో వేయునపుడు ఆ ఎడమును సవరించి బిగువుగా చూపిరి. అనగా అచ్చుపుటలోని నడుము కొంత కెమేరా చూచినది, కొంత కుంచె దిద్దినది.

1941లో సెసిల్ బీటన్ లండన్‌లో బాంబులకు కూలిన కట్టడముల నడుమ చక్కని సూటు ధరించి నిలిచిన స్త్రీని చిత్రించెను. ఆ యేడాది జూన్ 1 నుండి బ్రిటనులో వస్త్రములకు కూపన్లు ఏర్పడినవి. ఈ చిత్రము తెలుపునది సామాన్యస్త్రీల ఉడుపును గాదు. శిథిలముల నడుమను సొగసు చెడరాదను సంకల్పమును.

ప్రబంధములలోని నాయికావర్ణనములను చదివి ఆనాటి స్త్రీలందఱు అట్లే అలంకరించుకొనిరని మనము నిర్ణయింపము. ఆ కాలము దేనిని అందమని భావించెనో గ్రహింతుము. ఈ ఛాయాచిత్రములయెడను అట్టి వివేకమే అవసరము. ఇవి అబద్ధములు కావు, ఆదర్శమునకు సాక్ష్యములు. ఆచారమును నిర్ణయించుటకు కుట్టుపనివారి లెక్కలు, దాచియుంచిన వస్త్రములు, ఉత్తరములు తోడుకావలెను. మన ఇండ్లలోని పాత స్టూడియో చిత్రములను ఆధారముగా గైకొను పరిశోధకులును, అందలి చీరకట్టును చూచుటకు ముందు దాని వెనుక వ్రేలాడు తెరను చూతురుగాక.