శుక్రగ్రహంపై మెరుపు: ఒక సాక్ష్య వివాద చరిత్ర

మెరుపు కంటికి తెలిసేది, ఉరుము చెవికి తెలిసేది, పిడుగు నేలమీదనో చెట్టుమీదనో పడేది. ఇంగ్లీషులో ‘లైట్నింగ్’ అనే ఒక్క మాటే మెరుపుకూ పిడుగుకూ కూడా చెల్లుతుంది. శుక్రగ్రహంపై ‘లైట్నింగ్’ ఉందా లేదా అని 1978 నుంచి సాగుతున్న వివాదాన్ని తెలుగులో వివరించబోతే ఈ తేడా వెంటనే ఎదురవుతుంది. అక్కడ దొరికిన సాక్ష్యంలో అధికభాగం వెలుగూ కాదు, పాటూ కాదు. రేడియో పరికరాలలో నమోదైన సడి. ఆ సడిని మెరుపుకు సాక్ష్యంగా ఎంతవరకు స్వీకరించవచ్చునన్నదే వివాదానికి మూలం.

సడికి సాక్ష్యస్థాయి భూమిమీదనే లభించింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో శత్రువుల టెలిఫోన్ సంభాషణలను చాటుగా వినే ప్రయత్నంలో జర్మన్ శాస్త్రజ్ఞుడు హైన్రిక్ బార్క్‌హౌసెన్‌కు ఈలవంటి ధ్వనులు వినిపించాయి. వాటికి మూలం మెరుపేనని 1953లో కేంబ్రిడ్జి పరిశోధకుడు ఎల్. ఆర్. ఓ. స్టోరీ వివరించారు. మెరుపులో పుట్టిన రేడియో తరంగం భూ అయస్కాంత క్షేత్రరేఖల వెంట అంతరిక్షంలోకి పోయి అవతలి అర్ధగోళంలో దిగుతుంది. దారిలో అధిక పౌనఃపున్యాలు ముందు, అల్ప పౌనఃపున్యాలు వెనుక వస్తాయి కనుక స్వరం పైనుంచి కిందికి జారుతుంది. దీనికి ‘విస్లర్’ అని పేరు. భూమిమీద ఈలా మెరుపూ రెండూ అందుబాటులో ఉన్నవే కాబట్టి ఒకదానితో మరొకదాన్ని సరిచూసుకోవచ్చు. బృహస్పతి విషయంలోనూ ఆ వీలు కలిగింది: 1979 మార్చిలో వాయేజర్ 1 విస్లర్లను నమోదు చేసింది, దాని కెమెరా రాత్రివైపున మెరుపులను చిత్రించింది.

శుక్రుని దగ్గర రెండవ సాక్షి రాలేదు. 1978 డిసెంబరులో దిగిన సోవియట్ నౌకలు వెనెరా 11, 12లలో లియోనిద్ క్సాన్‌ఫొమాలితి రూపొందించిన ‘గ్రోజా’ అనే పరికరం అల్ప పౌనఃపున్య రేడియో స్పందనలను పట్టింది. రష్యన్‌లో గ్రోజా అంటే ఉరుముల వాన. ఫలితం రాకముందే పేరు దానిని ఊహించుకున్నది! అదే నెలలో కక్ష్యలో చేరిన అమెరికన్ నౌక పయొనీర్ వీనస్ కూడా 100 హెర్ట్జ్ వద్ద స్పందనలను గుర్తించింది. ఇవి మెరుపులవేనని క్రిస్టఫర్ రస్సెల్ వంటివారు, అయనావరణంలోని ప్లాస్మా అలజడులు చాలునని ఇతరులు వాదించారు. సందేహానికి భౌతిక కారణాలున్నాయి. భూమి మేఘాలలో ఊర్ధ్వగాలుల మధ్య మంచు స్ఫటికాలు, మెత్తని మంచుగుళ్లు ఒరుసుకుని ఆవేశాలు వేరుపడతాయి. శుక్రుని మేఘాలు సల్ఫ్యూరిక్ ఆమ్ల బిందువులు. పైగా ఆ గ్రహానికి సొంత అయస్కాంత క్షేత్రం లేదు.

ఈ చరిత్రలో ఆలోచింపజేసే వ్యక్తి డొనాల్డ్ గర్నెట్. 1990లో గెలీలియో నౌక శుక్రుని దాటిపోతూ పట్టిన తొమ్మిది స్పందనలను మెరుపుకు సంకేతాలుగా ప్రకటించినవారిలో ఆయన ముఖ్యులు. 1998, 1999లలో కసీని నౌక రెండుసార్లు అదే గ్రహాన్ని సమీపించింది. ఆయన బృందానికి భూలోక మెరుపులను పోలిన అధిక పౌనఃపున్య సంకేతం ఒక్కటీ దొరకలేదు. 1999 ఆగస్టులో నౌక భూమిని దాటినప్పుడు అదే పరికరం మెరుపుల సంకేతాలను ధారాళంగా నమోదు చేసింది. అంటే పరికరంలో లోపం లేదు. అయినా 2001లో వారు శుక్రునిపై మెరుపు లేదని తేల్చలేదు. ఉంటే అది చాలా అరుదైనదో, భూలోకపు మెరుపుకు భిన్నమైనదో అయి ఉండాలన్నారు. నా దృష్టిలో ఈ వివాదం మొత్తంలో ఇంత కొలతగా పలికిన వాక్యం మరొకటి లేదు.

2007లో వీనస్ ఎక్స్‌ప్రెస్ ఫలితాలతో రస్సెల్ బృందం విస్లర్ వాదాన్ని మళ్లీ నిలబెట్టింది. అయితే 2021 ఫిబ్రవరిలో పార్కర్ సోలార్ ప్రోబ్ నమోదు చేసిన విస్లర్ తరంగాల దిశను కొలిచి, 2023లో ప్రకటించిన ఫలితం ఆ వాదాన్ని గట్టిగా తాకింది. ఆ తరంగాలు గ్రహంనుంచి బయటికి కాక, గ్రహంవైపుకు వస్తున్నాయి. మేఘాలలో పుట్టినది అలా రాదు. పూర్వపు ఈలలన్నీ ఇటువంటివేనని దీనితో రుజువు కాదు గాని, ఈల ఉంటే మెరుపు ఉన్నట్లేనన్న అనుమానప్రమాణం ఇక చెల్లదు.

తెలుగులో రాసేటప్పుడు వెనెరా, పయొనీర్ ఫలితాలను ‘రేడియో స్పందనలు’ అనడమే ఉచితం. ‘విద్యుదుత్సర్గం’ అన్నా కారణాన్ని ముందే ఒప్పుకున్నట్లవుతుంది. మేఘాలు నేలకు 45 కిలోమీటర్లకు పైన ఉన్నచోట ‘పిడుగు’ అసలే పొసగదు. 2020 మార్చిలో జపాన్ నౌక అకత్సుకి కెమెరాకు ఒకే ఒక్క తళుకు చిక్కింది. అది ఉల్క కావచ్చుననీ అన్నారు. ‘మెరుపు’ మెరిసిందనే చెబుతుంది తప్ప ఎందుకు మెరిసిందో చెప్పదు గనుక, ఆ మాట ఆ ఒక్కదానికి మాత్రం ఇప్పటికే సరిపోతుంది.