సెటిల్‌మెంట్: కూర్చున్నామా, కూర్చోబెట్టినారా?

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు సెటిల్‌మెంట్ అనే మాట తెలియని మనిషి లేడు. రిజిస్ట్రార్ ఆఫీసు కాడ తండ్రి కొడుక్కు ఆస్తి రాసిస్తే అది సెటిల్‌మెంట్ దస్తావేజు. స్థలం తగాదా కోర్టుకు పోకుండా పెద్దమనుషులు తెంచితే అది సెటిల్‌మెంట్. బెదిరించి తెంచినా అదే పేరు. గండికోట రిజర్వాయర్ కింద ఊర్లు మునిగినోళ్లకు వచ్చింది రీసెటిల్‌మెంట్. ఇంక మా ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. పండగకు పోతే అందరిదీ ఒకటే ప్రశ్న: "ఎప్పుడు సెటిల్ అవుతారు నాయనా?"

ఒక్క మాటకు ఇన్ని అర్థాలు ఎట్లా వచ్చినాయి? పాత ఇంగ్లీషులో 'సెట్ల్' అంటే కూర్చునే పీట. దాన్నుంచి పుట్టిందే సెటిల్, అంటే ఒకచోట కూర్చోబెట్టడం. సిట్, సీట్ దీని చుట్టాలే. ఇంకా వెనక్కి పోతే సంస్కృతం నుంచి మనకొచ్చిన సదనం, సదస్సు కూడా అదే వేరు. రాజీ అనే అర్థం మీద మాత్రం ఇంకో మాట నీడ ఉంది. సఖ్యత చేయడం అనే అర్థంతో, దాదాపు ఇట్లాగే పలికే పాత మాట ఒకటి ఉండేది. పోనుపోను అది దీంట్లో కలిసిపోయింది.

తెలుగులో కూర్చోవడం వేరు, కూర్చోబెట్టడం వేరు. ఇంగ్లీషులో రెండిటికీ సెటిల్ ఒకటే. మన తాతల చరిత్ర ఆ తేడాలోనే ఉంది.

1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ఇచ్చేసినాడు. థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉండి, పొలాలు కొలిపించి, రైతు పేరు మీద శిస్తు కట్టినాడు. అది రైత్వారీ సెటిల్‌మెంట్. భూమి సెటిల్‌మెంట్‌కు పారసీ నుంచి వచ్చిన పేరు బందోబస్తు, అంటే కట్టి బిగించడం. ఇప్పుడు అదే మాట పోలీసులకు వాడుతున్నాం.

ఆ లెక్కలో పేరు ఎక్కాలంటే పొలం ఉండాల. గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని తిరిగే ఎరుకలోళ్లకు, ఎద్దుల మీద సరుకు మోసే సుగాలీలకు పొలం యాడిది? ఉప్పు సర్కారు గుప్పిట్లోకి పోయింది, తర్వాత రైలు వచ్చింది, తిరిగే వ్యాపారం దెబ్బతినింది. అడవి చూద్దామా అంటే 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఎవరికి ఏ హక్కు ఉందో తేల్చే ఆయన పేరు ఫారెస్ట్ సెటిల్‌మెంట్ ఆఫీసర్. గడువులోగా హక్కు చెప్పుకోకపోతే పోయినట్టే. గెజిట్ చదవను రాని మనుషులు ఎవరికి చెప్పుకుంటారు?

తర్వాత వచ్చిందే అన్నిటికంటే చేదు సెటిల్‌మెంట్. 1871లో ఉత్తరాదిన మొదలైన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఒక మనిషి నేరం రుజువు చేయకుండానే కులం మొత్తాన్ని నేరస్తులని ప్రకటించొచ్చు. ఎరుకలోళ్లతో పాటు యానాదుల్లో, సుగాలీల్లో కొన్ని గుంపులకూ ఆ ముద్ర పడింది. వేలిముద్రలు, రోజూ హాజరు, ఊరు దాటాలంటే పాసు. అట్లా కట్టడి చేసి ఉంచిన చోట్లకు సర్కారు పెట్టిన పేరు కూడా సెటిల్‌మెంటే. బాపట్ల దగ్గర స్టువర్టుపురాన్ని సాల్వేషన్ ఆర్మీ నడిపింది, కావలిలో ఉన్నదాన్ని అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. స్టువర్టుపురం పేరు కూడా ఆ ఊరోళ్లది కాదు, మద్రాసు ప్రభుత్వంలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ అనే దొరది.

పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే ఉంచే అధికారం కూడా ఆ చట్టంలో ఉండేది. మనం ఫారం నింపి, సీటు వస్తే సంతోషపడి హాస్టల్‌కు వచ్చినాం. అప్పటి పిల్లల్ని అడిగినోళ్లు లేరు.

మద్రాసులో ఆ చట్టం 1947లో రద్దయింది, దేశమంతా 1952 ఆగస్టు 31న. అందుకే ఆ రోజును విముక్తి దినంగా జరుపుకుంటారు. కానీ స్టువర్టుపురం అంటే ఇప్పటికీ జనానికి దొంగల సినిమాలే గుర్తొస్తాయి. చట్టం పోయినంత తొందరగా ముద్ర పోలేదు.

కాబట్టి మన ముందర ఎవరు సెటిల్‌మెంట్ అన్నా ముందు ఒకటి చూసుకుందాం: మనమే కూర్చుంటున్నామా, ఎవరన్నా కూర్చోబెడుతున్నారా? కాగితం ఎవరి పేరు మీద ఉంది? ఇంట్లో డీకేటీ పట్టా ఉంటే ఈసారి పోయినప్పుడు తీసి చదవండి. అమ్మానాయన ఏ కాగితం మీదన్నా వేలిముద్ర వేసేముందు దాన్ని వాళ్లకు చదివి వినిపించండి. మన ఇండ్లల్లో ఆ పని చేయగలిగింది మనమే.

ఇంకొక పని. అవ్వాతాతల్ని అడగండి: ముందు ఏ దారుల్లో తిరిగేవాళ్లు, ఏం అమ్మేవాళ్లు, ఈ ఊర్లోనే ఎందుకు నిలబడినారు? వాళ్లు చెప్పింది కింద రాయండి. సర్కారు పుస్తకాల్లో మనోళ్ల గురించి సర్కారు మాటే ఉంది, మనోళ్ల మాట మనమే రాసుకోవాల.