గుండె శస్త్రచికిత్సలో రక్తం గడ్డకట్టడం, రక్తస్రావం

కోత పడిన చోట రక్తం గడ్డకట్టడం శరీరానికి రక్షణే అయినా, రోగి రక్తాన్ని దేహం వెలుపలి గొట్టాల గుండా తిప్పి ఆక్సిజన్ అందించే గుండె-ఊపిరితిత్తుల యంత్రంలో అదే ప్రాణాంతకం కాగలదు. పరాయి ఉపరితలం తగలగానే రక్తంలోని గడ్డకట్టే కారకాలు, అనగా ఒకదాని తరువాత ఒకటి ఉత్తేజితమయ్యే ప్రోటీన్లు, పని మొదలుపెడతాయి. 1953లో ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ ఈ యంత్రంతో తొలి విజయవంతమైన శస్త్రచికిత్స చేయడం, 1916లో జే మెక్లీన్ పరిశోధనలతో వెలుగుచూసిన హెపారిన్ లేనిదే సాధ్యమయ్యేది కాదు. నేడు ప్రధానంగా పంది పేగుల నుంచి తీసే ఈ మందు, రక్తంలో సహజంగా ఉండే యాంటీథ్రాంబిన్ అనే ప్రోటీన్ చర్యను ఎన్నో రెట్లు పెంచి, గడ్డకు మూలమైన థ్రాంబిన్‌ను అణచివేస్తుంది.

యంత్రం ఆపిన తరువాత, సాల్మన్ చేపల వీర్యం నుంచి సంగ్రహించే ప్రోటమిన్‌ను విరుగుడుగా ఇస్తారు. ధనావేశం గల ఈ పదార్థం రుణావేశం గల హెపారిన్‌తో బంధించుకొని దానిని నిర్వీర్యం చేస్తుంది, కాని మోతాదు మించితే, విచిత్రంగా, విరుగుడే రక్తస్రావాన్ని పెంచుతుంది. అప్పటికీ స్రావం ఆగకపోతే మందులనే అనుమానించడం సరికాదు: యంత్రంలో ప్లేట్‌లెట్లు దెబ్బతినడం, ద్రవాలతో రక్తం పలచబడడం, శరీరం చల్లబడడం వంటి కారణాలతో పాటు, కుట్టు సరిగా పడని రక్తనాళం ఉందేమోనని కూడా శస్త్రవైద్యుడు వెతకవలసి ఉంటుంది.