వినుకొండ చుట్టూ వినని చట్టం

సీతను రావణుడు ఎత్తుకుపోయాడన్న కబురు రాముడు విన్న చోటు కనుకనే ఇది వినుకొండ అయిందని స్థలపురాణం చెబుతుంది. ఆ కొండ చుట్టుపక్కలకు రైలు వచ్చింది, కాలువ వచ్చింది. భూమి పోయేవాడి గోడు వినాలన్న నియమం మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది.

1894 భూసేకరణ చట్టం పుట్టినప్పుడు, సర్కారుకు భూమి కావాలంటే రైతు ‘ఇవ్వను’ అనడానికి అందులో చోటే లేదు. పరిహారం చాలలేదని కోర్టుకెళ్లవచ్చు, అంతే. అభ్యంతరం చెప్పే హక్కు 1923లో 5ఎ సెక్షన్‌గా చేరింది. అదీ ముప్పై రోజులే. అత్యవసరమంటూ 17వ సెక్షన్ వాడితే ఆ అవకాశమూ పోయేది.

స్వాతంత్ర్యం వచ్చినా చట్టం మారలేదు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ కోసం ఈ మెట్ట ప్రాంతం ఏళ్ల తరబడి ఎదురుచూసింది. ఆ నీళ్లే లేకపోతే పల్నాటి పత్తికీ మిరపకూ ఇంత పేరు వచ్చేది కాదు.

అయితే పక్కపక్కనే ఉన్న రెండు చేలను చూడండి. ఒకదానికి కాలువ నీరు పారింది, ధర పెరిగింది. రెండోది కాలువ గర్భంలోనే కలిసిపోయింది. దానికి కట్టే విలువ నోటిఫికేషన్ నాటి మెట్ట ధరే. రాబోయే ప్రాజెక్టు వల్ల పెరిగే విలువను లెక్కలోకి తీసుకోరాదని 24వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది. ఊరంతటికీ మేలు జరిగింది, ఆ మేలుకు చేను ఇచ్చినవాడికి మాత్రం అందులో వాటా లేదు. ఆ చేలో పని చేసుకుని బతికే కూలీ ఆ చట్టం కంటికి ఆననే లేదు.

ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికి నూట ఇరవై ఏళ్లు పట్టింది. 2013 భూసేకరణ చట్టం 2014 జనవరి 1న అమల్లోకి వచ్చింది. పల్లెల్లో మార్కెట్ ధరకు నాలుగు రెట్ల దాకా పరిహారం, సామాజిక ప్రభావ అంచనా, బహిరంగ విచారణ వచ్చాయి. కౌలుదారులూ కూలీలూ బాధిత కుటుంబాల్లో చేరారు.

ఇప్పుడు వినుకొండ దగ్గరి శావల్యాపురం మీదుగా నడికుడి–శ్రీకాళహస్తి రైలుమార్గం వేస్తున్నారు. 309 కిలోమీటర్ల ఆ లైనుకు భూమి సమకూర్చాల్సింది రాష్ట్రమే. వెనకబడిన ప్రాంతానికి రైలు కావాల్సిందే, త్వరగా రావాల్సిందే. కానీ జాప్యమంతా రైతు మాట వినడం వల్లేనని అనుకోవడం తప్పు. అయినా 2018లో ఆంధ్రప్రదేశ్ 2013 చట్టానికి 10ఎ సెక్షన్ తెచ్చి, మౌలిక వసతుల ప్రాజెక్టులకు సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయింపు ఇచ్చే వీలు కల్పించుకుంది. ఆ సెక్షన్‌ను శాసనసభ రద్దు చేయాలి. కొలత రాళ్లు పాతకముందే ఊళ్లో గ్రామసభ జరగాలి.